దుర్మార్గుడి డ్యూటీ

జంతువులంటే ప్రాణం అని చెప్పుకునేవాళ్ళను నేను చాలామందిని చూశాను. వాళ్ళలో ఒక్కరు కూడా చేత్తో పెంట ఎత్తగా చూడలేదు.

మా ఎదురింటావిడనే తీసుకోండి. ఆమె కుక్కకు చలికాలం స్వెట్టరు, వానాకాలం రబ్బరు కోటు, ఎండాకాలం మంచం పక్కన దానికో ఫ్యాను. ఆ కుక్కకు మెట్లు దిగడం రాదు. ఎత్తుకుని దింపాలి. వీధిలో సాటి కుక్క కనిపిస్తే ఆమె చంకలో తల దాచుకుంటుంది. కుక్కను చూసి భయపడే కుక్కను తయారు చేసిపెట్టి, "పిన్నిగారూ, నాకు మూగజీవాలంటే ప్రాణమండీ" అంటుంది. మరి మూగదే కదా! మొరగడం ఎప్పుడో మరిచిపోయింది.

మా మనవరాలు కూడా ఆ బాపతేనని చాలాకాలం అనుకున్నాను. నాలుగేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు రెక్క విరిగిన కాకిని తెచ్చి వాళ్ళ నాన్న చొక్కాల అరలో పెట్టింది. వాడు ఆఫీసుకు వేసుకుపోదామని చొక్కా తీస్తే చొక్కాతోపాటు కాకి వచ్చింది. ఆ రోజు నుంచీ మా ఇంట్లో మనవరాలి పేరు కాకిపిల్లే. తరువాత ఉడతలు వచ్చాయి, కప్పలు వచ్చాయి, ఒక కన్ను లేని పిల్లి వచ్చింది. ప్రతిదానికీ ఒక పేరు పెట్టేది, పక్కన కూర్చుని గంటలకొద్దీ కబుర్లు చెప్పేది, చచ్చిపోతే అన్నం మానేసి ఏడ్చేది. మూడో పూటకు ఆకలేసి తినేదనుకోండి. ఈ లోగా మా కోడలు ఇల్లంతా ఫినాయిలుతో కడుక్కునేది.

కాలేజీ చదువు అయిపోయాక ఒక రోజు భోజనాల దగ్గర చల్లగా చెప్పింది, వన్యప్రాణుల సంరక్షణ కేంద్రంలో శిక్షణకు చేరుతున్నానని.

మా అబ్బాయి కలుపుతున్న ముద్ద కంచంలోనే ఉండిపోయింది. "అంటే?"

"అంటే దెబ్బ తగిలినవీ తల్లి పోయినవీ తెస్తారు నాన్నా. వాటికి నయం చేసి, పెంచి, మళ్ళీ అడవిలో వదిలేస్తారు."

"ఓహో. నక్కలకు హాస్టలు, తోడేళ్ళకు మెస్సు. నువ్వేమో వార్డెను."

"శిక్షణ ఏడాది. పనికొస్తే ఉద్యోగం ఇస్తారు."

"పనికి రాకపోతే?"

"పంపించేస్తారు."

"అమ్మా, విన్నావా?" అని వాడు నా వైపు తిరిగాడు. "పిల్లలంతా బ్యాంకు పరీక్షలు రాస్తుంటే ఇది తోడేళ్ళ చేత పాసు మార్కులు వేయించుకుంటుందట!"

"నువ్వు రాశావుగా బ్యాంకు పరీక్ష" అన్నాను. "ఎన్నిసార్లు రాశావో చెప్పమంటావా దానికి?"

వాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అయితే దాన్ని వెనకేసుకొచ్చానని మీరు అనుకోకండి. వాడు లేచిపోయాక దానికీ పెట్టాను గడ్డి. "ప్రేమ ఉంటే చాలదే. కాకిని పెంచినంత మాత్రాన డాక్టరైపోవు. నెల తిరక్కుండా ఏడుస్తూ వస్తావు, రాసిపెట్టుకో" అన్నాను.

అది ఏడుస్తూ రావడానికి నెల అక్కర్లేకపోయింది. వారంలోనే వచ్చింది. ఒంటినిండా బ్లీచింగు, చేపల కంపు. పెరట్లో కుళాయి దగ్గర రబ్బరు బూట్లు కడుక్కుంటూ ముక్కు చీదింది.

"నానమ్మా, వాళ్ళు నన్ను ఒక్క జంతువునూ ముట్టుకోనివ్వడం లేదు."

"మరేం చేయిస్తున్నారు?"

"బోన్లు కడగడం. గడ్డకట్టిన కోడిపిల్లలను కరిగించి ముక్కలు కోయడం. పెంట చూసి రంగు చెప్పడం."

నాకు నవ్వు ఆగలేదు. "ముద్దులాడటానికి వెళ్ళినదానికి పెంట రంగు చెప్పే పని దొరికిందా! మంచి కేంద్రమే. నాకు నచ్చింది."

అక్కడి పద్ధతి దానికి మొదట్లో మింగుడు పడలేదు. ఊరి చివర, బస్సు వెనక్కి తిరిగే చోట, మూతపడిన పాత దాణా ఫ్యాక్టరీలో ఉంటుంది ఆ కేంద్రం. లోపల ఎవరూ మాట్లాడకూడదు. గోడలకు గోనెపట్టాలు కట్టి ఉంటాయి, జంతువులకు మనుషులు కనపడకుండా. అవసరముండి లోపలికి వెళ్ళాలంటే తల నుంచి కాళ్ళ దాకా ముసుగున్న బూడిదరంగు అంగీ వేసుకోవాలి. మొహం కనపడకూడదు, గొంతు వినపడకూడదు, సబ్బు వాసన కూడా రాకూడదు. తిండి గోడలో ఉన్న గొట్టంలోంచి జారవిడవాలి. మనిషి చేతిలోంచి తిండి వస్తుందని వాటికి తెలియకూడదు. పేర్లు పెట్టకూడదు. ఇవన్నీ సరే, అన్నిటికంటే వింతదొకటి ఉంది. అక్కడివాళ్ళు దాన్ని దుర్మార్గుడి డ్యూటీ అంటారు.

వంతులవారీగా ఒకరు ముసుగు తీసేసి, మామూలు బట్టల్లో, మామూలు మొహంతో జంతువు ముందుకు వెళ్ళాలి. గులకరాళ్ళు పోసిన రేకు డబ్బా మోగించాలి. అరవాలి, తరమాలి, గొట్టంతో నీళ్ళు కొట్టాలి. దెబ్బ తగలకూడదు, గుండె మాత్రం జారిపోవాలి. మనిషి మొహం కనపడితే పారిపోవాలని ఆ జంతువు ఒంటికి పట్టేదాకా ఇది చేస్తారు. ఎందుకంటే అడవిలో వదిలాక అది ఏ పొలంగట్టు మీదో మనిషిని చూసి తోకాడిస్తూ దగ్గరకెళ్ళిందంటే, వాడు కర్ర తీసుకుంటాడు. నక్కకు ఆ మనిషి మంచివాడో కాదో అడిగి తెలుసుకునే తీరిక ఉండదు కదా.

అక్కడి పెద్దాయన నోట్లోంచి రోజంతా పది మాటలు రావు. నేను ఆయనకు మౌనస్వామి అని పేరు పెట్టాను. "పాపం, పెళ్ళాం ఎలా వేగుతుందో" అన్నాను. "ఆవిడ హాయిగా ఉండి ఉంటుంది నానమ్మా" అంది కాకిపిల్ల. అది నాకే తగిలింది, వదిలేయండి.

అలా కొన్ని నెలలు గడిచాక ఒక నక్కపిల్ల వచ్చింది. తల్లి రోడ్డు మీద లారీ కింద పడి చచ్చిపోయింది. ఇది గుప్పెడంత ఉంది, అప్పుడప్పుడే కళ్ళు తెరిచింది. దీని పెంపకం మా దానికి అప్పగించారు. చెప్పకనే చెప్పారన్నమాట, ఇదే నీ పరీక్ష అని. పిల్ల అడవికి పోతే నీకు ఉద్యోగం. మనుషులకు అలవాటు పడితే దానికి జన్మంతా జూలో బోను, నీకు ఇంటి దారి.

ఆ రోజుల్లో మా కాకిపిల్ల మొహం వెలిగిపోయేది. నక్క తోక తొక్కివచ్చినట్టు తిరిగేది. "ఎంత తెలివో నానమ్మా! నా అడుగుల చప్పుడు వింటే చాలు, గోడ దగ్గరకు వచ్చేస్తుంది!" అనేది. నేను విని ఊరుకున్నాను. మా అబ్బాయి ఊరుకోలేదు. ఒక్కసారిగా వాడికి కూతురి మీద గౌరవం పుట్టుకొచ్చింది.

"నక్కను మచ్చిక చేసిందట!" అని ఆఫీసంతా చాటాడు. "అమ్మా, ఆదివారం వెళ్ళి ఒక ఫోటో తీసుకుందాం. దాన్ని నా భుజం మీద కూర్చోబెట్టి తీస్తే ఎలా ఉంటుంది?"

"బాగానే ఉంటుంది. ఎవరు నక్కో కింద రాయించు" అన్నాను.

తరువాత పరీక్ష వచ్చింది. కొత్త మనిషిని ఒకరిని లోపలికి పంపి, పిల్ల ఏం చేస్తుందో చూస్తారు. ఆ రోజు దాణా తెచ్చిన లారీ డ్రైవరు దొరికాడు. అతను అలా లోపల అడుగు పెట్టాడో లేదో, నక్కపిల్ల బొరియలోంచి ఉరికి వచ్చింది. కుయ్ కుయ్ మంటూ కాళ్ళ చుట్టూ తిరిగి, వెల్లకిలా పడుకుని పొట్ట చూపించి, అతని బూటు నాకింది.

"భలే ఉందండీ, అచ్చం కుక్కపిల్లే!" అన్నాడు డ్రైవరు, ముచ్చటపడి.

గోనెపట్టా ఇవతల ఒక్కరూ నవ్వలేదు. మౌనస్వామి మా దాని వైపు తిరిగాడు.

"దీనితో ఎవరు మాట్లాడారు?"

అబద్ధం చెప్పలేదది, అంతవరకు నయం. పిల్ల ఏడుస్తుంటే తట్టుకోలేకపోయిందట. ఎవరూ లేనప్పుడు ముసుగు తీసి, ఒళ్ళో పెట్టుకుని, కబుర్లు చెప్పిందట. మొదట ఒకసారేనట. తరువాత రోజూనట.

"నువ్వు దీన్ని కాపాడలేదు" అన్నాడాయన. "కుక్కను చేశావు. మా దగ్గర కుక్కలకు చోటు లేదు."

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత ఇలాంటివాళ్ళను చూసే పుట్టి ఉంటుంది. తల్లి చచ్చిన పిల్లను బతికించిందట. బతికించి, మొదటి పొలంగట్టు మీదే చచ్చేట్టు తయారు చేసిందట. దీని పేరు ప్రేమట!

ఆయన మరీ రాయేం కాదు. వానలు మొదలయ్యేదాకా గడువిచ్చాడు. ఆ తరువాత జూ వాళ్ళ వ్యాను వస్తుంది. ఈ లోగా పిల్లకు మనుషులంటే భయం నేర్పాలి. నేర్పవలసింది కూడా మా కాకిపిల్లే, మరొకరు కాదు.

"సార్, వేరే ఎవరినైనా పంపండి" అని బతిమాలిందట.

"వేరేవాళ్ళు బెదిరిస్తే నీ దగ్గరకే పరిగెత్తుకొస్తుంది. దానికి మనిషంటే నువ్వే. నువ్వు చెడ్డదానివైతే లోకంలో మనుషులంతా చెడ్డవాళ్ళే."

మొదటి రోజు డబ్బా పట్టుకుని వెళ్ళిందట. పసిపిల్లకు గిలక్కాయ ఆడించినట్టు ఆడించిందట. నక్కపిల్ల ఆటనుకుని ఎగిరి డబ్బా పట్టుకుంది. మౌనస్వామి బయటి నుంచి, "జోకొడుతున్నావా?" అన్నాడట. ఆయన పది మాటల్లో అదొకటి.

సాయంత్రం ఇంటికి వచ్చి గోడకు ఆనుకుని కూలబడింది.

"నా వల్ల కాదు నానమ్మా. అది నన్ను నమ్మింది. నమ్మినదాన్ని ఎలా కొట్టను?"

"కొట్టమన్నారా?"

"కొట్టమనలేదు. భయపెట్టమన్నారు."

"మరి భయపెట్టు."

"నీకేం, చెప్తావు. అది నన్ను చూసే చూపు నువ్వు చూడలేదు."

"చూడక్కర్లేదు. రోజూ చూస్తూనే ఉన్నాగా ఎదురింట్లో. నీ ప్రేమకూ ఆవిడ ప్రేమకూ తేడా ఏమిటే? నీ నక్కకు స్వెట్టరు ఒక్కటే తక్కువ. చలికాలానికి అదీ అల్లి తొడుగు. ఎటూ బోనులోనే ఉంటుంది కదా, మాసిపోదు."

దాని మొహం చూశాను. గట్టిగానే తగిలింది. తగలాలనే అన్నాను.

"దానికి అడవి కావాలా, నువ్వు కావాలా అని అడిగితే నువ్వే కావాలంటుంది" అన్నాను. "పసిదానికి ఏం తెలుసు! అలా అనిపించుకోవడం నీకు బాగుంది. అది నీకు బాగుండటం కోసం దాని జన్మంతా ఇనుప చువ్వల వెనక గడవాలి. కడుపులో లేనిది కౌగిలించుకుంటే వస్తుందా అంటారు. నీకు కడుపులో ఉంటే, కౌగిలించుకోవడం మానెయ్."

అది లేచి గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. మరునాడు నాతో మాట్లాడకుండానే పనికి పోయింది. మా కోడలు నన్ను చూసి, "అత్తయ్యా, పిల్లను అంతంత మాటలంటారా?" అంది. "నువ్వు ఫినాయిలు సీసా దగ్గర పెట్టుకో, పిల్ల మళ్ళీ కంపుతో వస్తుంది" అన్నాను.

అలాగే వచ్చింది. నిలువునా తడిసి ఉంది. ఏం జరిగిందని నేను అడగలేదు. రోజులు గడిచేకొద్దీ దాని గొంతు బొంగురుపోయింది, అరిచి అరిచి. ఇంట్లో ఏమైనా అడిగితే తలూపేది. మాటల పుట్ట లాంటి పిల్ల ఇంట్లోనూ మౌనస్వామి అయిపోయింది. నాకు పొద్దు గడవడం కష్టమైంది, నిజం చెప్పొద్దూ.

ఒక మధ్యాహ్నం ఎదురింటావిడ వచ్చింది, చంకలో బంగారంతో. ఆ కుక్క పేరు బంగారం లెండి.

"పిన్నిగారూ, నేను విన్నది నిజమేనా? మీ అమ్మాయి పసి నక్కను నీళ్ళ గొట్టంతో కొడుతుందటగా!"

"నిజమే."

"అయ్యయ్యో! మనసెలా వచ్చిందండీ? నేనైతే గుండె పగిలి చచ్చిపోతాను. మూగజీవాలంటే ప్రేమ ఉన్నవాళ్ళు చేసే పనేనా?"

"ఒక పని చెయ్యమ్మాయ్" అన్నాను. "నీ బంగారాన్ని రేపు పొద్దున వీధి చివర వదిలేసి తలుపేసుకో. సాయంత్రానికి ఎంత మిగులుతుందో చూసి, అప్పుడు ప్రేమ గురించి మాట్లాడుకుందాం."

ఆవిడ బంగారం చెవులు మూసింది. దానికి మనుషుల భాష అర్థమవుతుందట. కుక్కల భాషే రాదు.

ఆకాశం మబ్బు పడుతున్న రోజుల్లో కాకిపిల్ల నా మంచం పక్కన వచ్చి కూర్చుంది. "నానమ్మా, రేపు మళ్ళీ పరీక్ష. నక్క ఇంతవరకు వాసన చూడని మనిషి కావాలన్నారు సార్. నిన్ను తీసుకొస్తానని చెప్పాను."

"నన్నా? నన్ను చూసి ఏం భయపడుతుందే?"

"అందుకే నువ్వు. కర్ర పట్టుకున్నవాడిని చూసి ఏదైనా పారిపోతుంది. చూడగానే మంచిదానిలా కనపడేదాన్ని చూసి పారిపోవాలి. కాకపోతే ఒక్క షరతు. నువ్వు మాట్లాడకూడదు."

"ఎంతసేపు?"

"గేటు దాటినప్పటి నుంచీ, మళ్ళీ బయటికొచ్చేదాకా."

మా అబ్బాయి పక్కగదిలోంచి కేక పెట్టాడు. "జూ వాళ్ళను రమ్మనండి! ఇంకేం పరీక్ష, అమ్మ నోరు మూసుకోవడమా!"

మూసుకున్నాను. వాడి మీద పంతానికైనా మూసుకున్నాను. మౌనస్వామి గేటు దగ్గర నిలబడి నాకు తలూపాడు, నేను ఆయనకు తలూపాను. ఎత్తైన కంచె లోపల ఎండుగడ్డి, రెండు పడిపోయిన మానులు, ఒక మట్టిదిబ్బ. దిబ్బలో బొరియ. నన్ను లోపలికి పంపి తలుపు చప్పుడు లేకుండా మూశారు. నిలబడ్డాను. ఈగలు ముసురుతున్నా తోలుకోలేదు.

బొరియలోంచి ముక్కు కనపడింది. తరువాత చెవులు. తరువాత మొత్తం నక్క వచ్చింది. గుప్పెడు పిల్ల అన్నారే, ఇదేమో ఏపుగా పెరిగింది. నన్ను చూసింది. జన్మలో ఎవరికీ హాని చెయ్యని ముసలిదాన్ని, నవ్వుమొహంతో నిలబడ్డదాన్ని చూసి, దాని వీపు మీది వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. మరుక్షణం అక్కడ నక్క లేదు. గడ్డి మాత్రం ఊగింది. అవమానమే అనుకోండి, కానీ అంత కమ్మటి అవమానం నాకు ఎప్పుడూ జరగలేదు.

బయటికొచ్చాక మౌనస్వామి కాకిపిల్ల వైపు చూశాడు. "ఇప్పుడు నువ్వు. డబ్బా లేకుండా. మునుపటిలాగా."

దాని మొహం పాలిపోయింది. "మాట్లాడాలా సార్?"

"మాట్లాడాలి. ఒళ్ళో పెట్టుకున్నప్పుడు ఎలా మాట్లాడావో అలాగే. దొంగాటకం పనికిరాదు."

అది లోపలికి వెళ్ళింది. నేను గోనెపట్టా చిరుగులోంచి చూస్తున్నాను. గడ్డిలో కూర్చుంది. బొంగురు గొంతు సవరించుకుంది. "ఏం చేస్తున్నావురా లోపల?" అని మొదలుపెట్టింది. "అన్నం తిన్నావా? ఎలుక దొరికిందా ఇవాళ? రా, ఒకసారి రా, నేనే వచ్చాను." చిన్నప్పుడు చొక్కాల అర ముందు కాకితో మాట్లాడినట్టే మాట్లాడింది. అందులో మోసం లేదు. నేను వినే చెప్తున్నాను. రమ్మనే పిలిచింది.

నక్క బయటికొచ్చింది. ఆ గొంతును గుర్తుపట్టింది, సందేహం లేదు. చెవులు ముందుకు పెట్టింది. ఒక అడుగు వేసింది. ఇంకొకటి. తోక కొస కదిలింది. పక్కన మౌనస్వామి ఊపిరి తీయడం లేదు. నా నోటిదాకా వచ్చింది, ఛీ పో అని ఒక్క కేక పెడదామని. పళ్ళు కరుచుకున్నాను. లోపల ఆ పిల్ల మాటలు ఆపలేదు. కళ్ళ వెంట నీళ్ళు ధారగా కారుతున్నాయి, తుడుచుకోకుండా "రా, రా" అంటూనే ఉంది.

నక్క ఆగింది. గాలి ఇటు తిరిగిందేమో, మొహం చూసిందేమో, ఏం గుర్తొచ్చిందో, పెదవి పైకి లేచింది. చిన్న చిన్న తెల్లటి పళ్ళు బయటపెట్టి, గొంతులోంచి ఒక గురగుర తీసింది. అలాగే చూస్తూ నాలుగడుగులు వెనక్కి వేసి, ఒక్కసారిగా తిరిగి, మాను దూకి మాయమైపోయింది.

"చాలు" అన్నాడు మౌనస్వామి. ఆ ఒక్క మాటే. కాకిపిల్ల బయటికొచ్చి నా భుజం మీద తల పెట్టి, "నన్ను చూసి పళ్ళు చూపించింది నానమ్మా" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. మాట్లాడకూడదన్న షరతు తీరిపోయింది. నేను మాత్రం కొంగుతో దాని మొహం తుడిచాను.

వానకు ముందు రోజు పొద్దున దాన్ని వదిలారు. పెట్టె తలుపు ఎత్తగానే బాణంలా పోయిందట. ఉద్యోగం ఖాయమైందని చెప్పడానికి మౌనస్వామి రెండు మాటలు వాడాడట. "సోమవారం రా."

భోజనాల దగ్గర మా అబ్బాయి ఉండబట్టలేకపోయాడు.

"అయితే ఏమ్మా, వెళ్ళేటప్పుడు ఒకసారి ఆగి నీ వైపు తిరిగి చూసిందా?"

"లేదు నాన్నా."

"ఆ చెట్ల దగ్గరికి వెళ్ళాకైనా?"

"చూడలేదు. చూసుంటే మళ్ళీ పట్టుకొచ్చేవాళ్ళం" అంది అది, రెండోసారి వడ్డించుకుంటూ. చాలా రోజులకు కడుపునిండా తింటోంది.

వాడు కంచం ముందు అలాగే కూర్చున్నాడు. "ఇన్నాళ్ళు పెంచినదాన్ని! అంత విశ్వాసం లేకపోతే ఎలా?" అని గొణుక్కున్నాడు. అటుపైన రెండు రోజులు ఇంట్లో నక్క మాట ఎత్తితే మొహం తిప్పుకున్నాడు. మొగుడి మీద అలిగినవాళ్ళను, అత్త మీద అలిగినవాళ్ళను చూశాను గానీ, నక్క మీద అలిగిన మగాణ్ణి నా కడుపునే కన్నానని అప్పుడే తెలిసింది.